కుంకలగుంట వాళ్ళ కోడలు

తుంగభద్ర ఆనకట్ట 1953లో నీళ్ళిచ్చింది. నాగార్జునసాగర్ కాలవలకు ఇందిరాగాంధీ నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. నడుమ పధ్నాలుగేళ్ళు. నకరికల్లులో మా అత్తవారి కుటుంబం రెండుగా చీలింది ఆ పధ్నాలుగేళ్ళలోనే. ఆగగలిగినవాళ్ళు ఊళ్ళో ఉండిపోయారు. ఆగలేనివాళ్ళు ఎద్దులనమ్ముకుని నరసరావుపేటలో రైలెక్కారు.

ఇప్పుడు మా ఊరి చుట్టూ వరి, మిరప, పత్తి చూసే పిల్లలకు ఆనాటి మెట్ట ఊరు ఎట్లా ఉండేదో చెప్పినా నమ్మరు. జొన్న, వరిగ, కొర్ర, సజ్జ, ఆముదాలు. వాన పడితే పంట, లేకపోతే లేదు. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేశాడని చదువుకున్నవాళ్ళు సరదాగా చెప్పుకుంటారు గాని, ఆ జొన్నలే దొరకని ఏళ్ళు చూసినవాళ్ళు ఆ మాటకు నవ్వరు. మా అత్తగారు నవ్వేది కాదు. ఆమె కాపురానికి వచ్చిన నాటికి ఇంటి ముందు జొన్న పాతర ఉండేదట. నేలలో లోతుగా గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేసేవాళ్ళు. కరువు వస్తే తీయాలి. తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదు. ఆవిరికి మనిషి పడిపోతాడు. మూత తీసి వదిలేసి, దీపం దించి, అది ఆరకుండా వెలిగితేనే మనిషిని దించేవాళ్ళు. ఆ పాతర మీద ఇప్పుడు సిమెంటు గచ్చు ఉంది. దాని కింద ఏముందో మా ఇంట్లో చిన్నవాళ్ళకెవరికీ తెలియదు.

మా ఆయన చిన్నతాత, అంటే తాతగారి తమ్ముడు, ఆ పాతరలో తన వంతు జొన్నలు కొలుచుకుని, తన వాటా చేను అమ్ముకుని వెళ్ళాడు. గంగావతి, సింధనూరు ప్రాంతంలో నల్లరేగడి చవకగా దొరుకుతోందని, ఇక్కడ ఒక ఎకరం అమ్మితే అక్కడ చాలా ఎకరాలొస్తాయని కబురు పాకింది. అప్పటికి ఆ నేల హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లాది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మనవాళ్ళు ఏ రాష్ట్రంలోకి వెళ్తున్నామని చూసుకోలేదు, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసుకున్నారు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన రైతులు కాలవల వెంట గుడిసెలు వేసుకున్నారు. అవే ఆంధ్రా క్యాంపులయ్యాయి. సోనామసూరి బియ్యంతో గంగావతికి పేరు రావడంలో ఆ గుడిసెల వాళ్ళ చెమట ఉంది.

మొదట్లో కార్డు ముక్కలొచ్చేవి. పెళ్ళి కబురైతే మూలలకు పసుపు ఉండేది. ఒక కార్డు వచ్చాక మరొకటి రావడానికి ఏడాది, తర్వాత రెండేళ్ళు పట్టింది, తర్వాత రాలేదు. తగాదా లేదు, పంతం లేదు. పెద్దవాళ్ళు పోయారు, రాసేవాళ్ళు లేరు, అంతే. ఇట్లా తెగిపోయిన చుట్టరికాలే పల్నాడులో ఎక్కువని నాకనిపిస్తుంది. కొట్లాడుకున్న వాళ్ళు ఒకరినొకరు బాగా గుర్తుపెట్టుకుంటారు.

మనకు వంశం కాగితాల మీద ఉండేది కాదు. మనుషుల నోట ఉండేది. పంటలు ఇళ్ళకు చేరాక పిచ్చిగుంట్ల వాళ్ళు వచ్చి, రైతు ఇంటి ముందు నిలబడి, ఆ ఇంటి గోత్రం, మూలపురుషుడు, ఆయన కొడుకులు, వాళ్ళ కొడుకులు, ఎవరు ఏ ఊరికి తరలారో వరసపెట్టి చెప్పేవాళ్ళు. గింజలు, పాత బట్టలు తీసుకుని వెళ్ళేవాళ్ళు. వంశం చెప్పడమే వాళ్ళ కులవృత్తి. ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో వాళ్ళ పేరు వంశరాజ్. పేరు గౌరవంగా మారింది గాని, వాళ్ళ పిల్లలకు ఆ చదువు అబ్బలేదు. ఎందుకు అబ్బాలి? ఒక గంపెడు జొన్నల కోసం పదితరాల పేర్లు కంఠస్థం చేయమని ఎవరిని అడుగుతాం? రెండో నోరు కరణానిది. ఏ చెక్క ఎవరి నుంచి ఎవరికి ఎందుకు మారిందో కరణానికి తెలిసేది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేసింది. కరణీకంలో జరిగిన అన్యాయాలు చూసినవాళ్ళు సంతోషించారు, అది న్యాయమే. ఆ ఇళ్ళ అటకల మీదున్న పాత దస్త్రాలకు మాత్రం చెదలే దిక్కయింది.

అమెరికాలో పూర్వీకుల్ని వెతుక్కుంటూ పల్లెటూళ్ళ వెంట కార్లలో తిరిగే భార్యాభర్తల గురించి మా అబ్బాయి అక్కడి నుంచి చెప్తుంటాడు. కౌంటీ ఆఫీసులో పెళ్ళి రిజిస్టరు, చర్చిలో బాప్తిస్మం పుస్తకం, శ్మశానంలో పేరు చెక్కిన రాయి చూసుకుంటూ పోతారట. 1850 జనాభా లెక్క నుంచి అక్కడ ఇంట్లోని ప్రతి మనిషి పేరూ రాశారు. అయితే బానిసల పేర్లు రాయలేదు. వాళ్ళను వేరే పట్టీలో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా వంటి వివరాలతో మాత్రమే లెక్కకట్టారు. 1890 లెక్కల్లో ఎక్కువ భాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలో, తడిసో పాడైపోయింది. కాగితం ఉన్న దేశంలోనూ ఒక తరం మసి కావచ్చు, ఒక జాతి పేరే లేకుండా మిగలొచ్చు. ఇది విన్నాకే మా ఆయన, చిన్నతాత వాళ్ళను వెతుకుదామన్నారు.

దారి నేను చెప్పాను. చిన్నతాత రైల్లో పోయిన దారినే పోదామన్నాను. గుంటూరు నుంచి గుంతకల్లు, బళ్ళారి, హోస్పేట మీదుగా హుబ్లీకి ఆనాడు మీటర్‌గేజి లైనుండేది. ఆ చిన్న బండ్లు 1990ల్లో పోయాయి. కారు ఆ పట్టాలను కలుస్తూ విడిపోతూ నడిచింది. బయల్దేరే ముందు మా మండలంలోనే ఉన్న చేజర్ల వెళ్ళి కపోతేశ్వరుడికి దండం పెట్టుకున్నాం. ఏనుగు వీపు లాంటి ఆ గుడి ఒకనాటి బౌద్ధ చైత్యమని పండితులంటారు. పావురం కోసం శిబి చక్రవర్తి తన మాంసం కోసిచ్చిన చోటని ఊరివాళ్ళంటారు. వలస పోయేవాళ్ళూ అక్కడ మొక్కి పోయేవాళ్ళని మా అత్తగారు చెప్పేది.

వినుకొండ దాటాక మార్కాపురం. మేం ఓనమాలు దిద్దిన పలకలు ఆ ఊరివే. కంభం చెరువు గట్టున ఆగి అన్నం తిన్నాం. విజయనగర రాజుల నాటి చెరువు, ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తోంది. గిద్దలూరు తర్వాత నల్లమల. దిగువమెట్ట దగ్గర్నుంచి నంద్యాల వైపు దిగేదాకా మా ఆయన మాట్లాడలేదు. ఈ అడవిలో రాత్రిపూట రైలు మెల్లగా పోతుంటే, చిన్నపిల్లను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూసిన మనిషిని తలచుకున్నానని తర్వాత చెప్పారు. కర్నూలు, ఎమ్మిగనూరు, ఆదోని, సిరుగుప్ప. ఆ పైన బోర్డులు కన్నడంలో, టీకొట్టు దగ్గర మాటలు తెలుగులో.

క్యాంపుల్లో ఇంటిపేరు పట్టుకుని అడిగాం. గాంధీనగర్‌లో అడిగాం, శ్రీరామనగర్‌లో అడిగాం, కాలవ గట్లమీది చిన్న క్యాంపుల్లోనూ అడిగాం. ఆ ఇంటిపేరు వాళ్ళు ఎవరూ లేరన్నారు. చిన్నతాత కొడుకులు పొలాలమ్మి ఏనాడో పట్నాలకు పోయారు. మా ఆయన దగ్గరున్న కాగితంలో తాతలు, తండ్రులు, కొడుకులు, అందరూ గీతలు గీసి ఉన్నారు. ఆ గీతలు మమ్మల్ని ఏ గడపకూ చేర్చలేదు.

అప్పుడు నాకు అత్తగారి మాట ఒకటి తట్టింది. "చిన్నమామ పిల్లను అక్కడే మన కుంకలగుంట వాళ్ళకిచ్చినారు" అనేది. కుంకలగుంట మా మండలంలోని ఊరే. ఇంటిపేరు వదిలేసి, "కుంకలగుంట వాళ్ళు ఎవరన్నా ఉన్నారా అండీ?" అని అడిగాను. ధాన్యం ఆరబోస్తున్న కుర్రాడు తలెత్తకుండానే చెయ్యి చూపించాడు.

ఎనభై దాటిన మనిషి. చిన్నతాత కూతురు, మా ఆయనకు మేనత్త వరస. అరుగు మీద కూర్చుని మా ఆయన ముఖం కాసేపు పరీక్షగా చూసి, "ముక్కు మా పెదనాయనదే. ఏరా అబ్బయ్యా, ఇన్నేళ్ళకు గుర్తొచ్చామా?" అంది. కూలీలతో కన్నడంలో మాట్లాడుతోంది, మాతో మాట్లాడింది మాత్రం మా ఊళ్ళో ఎవరూ మాట్లాడడం మానేసిన పాత పల్నాటి తెలుగు. అటూ ఇటూ లారీలు తిరిగే ఊళ్ళో మా మాట మారిపోయింది, ఇక్కడ క్యాంపులో వేరే భాష నడుమ అది చెడకుండా ఉంది. వంటింట్లో తిరగలి చూపించింది. రైల్లో తెచ్చిందట. "జొన్నలు లేకపోయినా రాయి ఉండాలని మా అమ్మ పట్టుబట్టింది" అంది. చుట్టూ సోనామసూరి పండే ఊళ్ళో ఆమె ఇంకా వరిగన్నం రుచి చెప్తుంది.

తర్వాత ఆమె వంశం చెప్పింది. పిచ్చిగుంట్ల వాళ్ళ లాగా మూలపురుషుడి నుంచి కాదు. వాళ్ళమ్మది చల్లగుండ్ల, నాయనమ్మది నరసింగపాడు, ఆ నాయనమ్మ అత్త చాగల్లు నుంచి వచ్చిన మనిషి. ఎవరిని ఎక్కడికిచ్చారు, ఎవరు పురిటిలో పోయారు, ఎవరి నగ అమ్మి ఏ చేను కొన్నారు. మగవాళ్ళు పేరు చెప్పిన చోట ఆమె ఊరు చెప్పింది. నేను మా ఆయన కాగితం అందుకుని గీతల పక్కన రాయడం మొదలుపెట్టాను. చోటు చాలక వెనకవైపు తిప్పాను. పిచ్చిగుంట్ల వాళ్ళు కూడా ఈ పేర్లు చెప్పేవాళ్ళు కారు. నేను వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళకు గింజలిచ్చి చెప్పించుకున్నది మగవాళ్ళ వరసే. నా పేరైనా ఆ లెక్కలో ఉండేది కాదు.

సాయంత్రం మా ఆయన, "అత్తా, ఇంకెవరన్నా ఇట్లా పోయినవాళ్ళున్నారా?" అని అడిగారు. ఉన్నారంది. తమకంటే ముందే, నిజాంసాగర్ కిందికి. ఆ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. బోధన్, వర్ని వైపు గుంటూరు సీమ వాళ్ళు చాలామంది అప్పుడే వెళ్ళి స్థిరపడ్డారు. చిన్నతాతకు మేనత్త ఒకామె అటు పోయిందట. పేరు గుర్తులేదు. ఏ ఊరి వాళ్ళకిచ్చారని నేను అడిగాను.

"రూపెనగుంట్ల వాళ్ళకు" అంది. రాసుకున్నాను.