ఏభై దాటాక పరుగు

మన తెలుగులో పరుగుకు అంత మంచి పేరు లేదు. "పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అన్నారు పెద్దలు. భయపడి పారిపోయినవాడిని "కాళ్లకు బుద్ధి చెప్పాడు" అంటాం. తీరిక లేని బతుకును "ఉరుకులు పరుగులు" అంటాం. దొంగ పరుగెత్తుతాడు. బస్సు తప్పిపోతుందనుకున్నవాడు పరుగెత్తుతాడు. అంతేగాని ఎవరూ తరమకుండా, ఏ తొందరా లేకుండా, కేవలం పరుగు కోసమే పరుగెత్తే పెద్దమనిషిని మన మాటల్లో వెతికితే దొరకడం కష్టం.

పిల్లలకు మాత్రం ఈ అడ్డంకి లేదు. నడిస్తే సరిపోయే చోట కూడా వాళ్లు పరుగెత్తుతారు. బడి గంట మోగితే పరుగు. వాన వస్తే పరుగు. వాన వెలిసినా పరుగే. మరి ఈ పరుగు ఎప్పుడు ఆగిపోతుంది? మొదటిసారి సైకిలు తొక్కిన రోజు చాలామందికి గుర్తుంటుంది. మొదటి జీతం అందుకున్న రోజు గుర్తుంటుంది. కాని చివరిసారి పరుగెత్తిన రోజు ఎవరికీ గుర్తుండదు. ఎందుకంటే ఆ రోజు అదే చివరిసారి అని మనకు తెలియదు. నేను చివరిసారి పరుగెత్తింది కళాశాలలో చదివే రోజుల్లోనో, ఆ తరువాత ఒకటి రెండు సంవత్సరాలకో. మళ్లీ పరుగెత్తింది ఏభై ఒకటో ఏట. ఆ కథే ఇది.

మాది తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా హోసూరు ప్రాంతం. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉంది. బెంగళూరు నలభై కిలోమీటర్ల దూరం. ఇక్కడ ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం, కచేరీలో తమిళం వినబడతాయి. ఒకే మనిషి మూడింటినీ మాట్లాడటం మాకు వింత కాదు. సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉండటం వల్ల తెల్లవారుజామున ఎండాకాలంలో కూడా గాలి చల్లగానే ఉంటుంది. ఊరికి పైన చంద్రచూడేశ్వరుని కొండ, ఊరి లోపల చెరువు, చుట్టూ గులాబి తోటలు. పరుగెత్తదలచినవాడికి ఇంతకంటె మంచి చోటు ఏముంటుంది? అయినా ముప్పై ఏళ్లపాటు నాకు ఆ ఆలోచనే రాలేదు.

మా నాన్నగారు రైతు. రాగులు, అనుములు పండించేవారు. వయసులో ఉండగా సంతరోజున పల్లె నుండి హోసూరు దాకా నడిచివచ్చి, సంత ముగించుకొని నడిచే తిరిగి వెళ్లేవారు. ఏభై దాటాక బస్సు వచ్చింది. నడక తగ్గింది. తరువాత మధుమేహం వచ్చింది. మేమందరం షుగరు అని పిలిచే ఆ జబ్బు ఆయన పాదంలోని స్పర్శను ముందు తీసుకుపోయింది. పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియలేదు. పుండు మానలేదు. చివరకు మోకాలి కింద కాలు తీసివేయవలసి వచ్చింది. ఆ తరువాత ఆరేళ్లు అరుగు మీదనే కూర్చున్నారు. చెప్పులు జతగానే అమ్ముతారు కదా. ఆయన కోసం కొన్న ప్రతి జతలోను ఒక చెప్పు అరిగిపోయేది. రెండవది కొత్తగానే గూటిలో ఉండిపోయేది. ఆయన పోయాక ఆ గూటిలో మూడు కొత్త చెప్పులు దొరికాయి. మూడూ ఎడమకాలివే.

నాకు ఏభై ఒకటో ఏడు నడుస్తుండగా రక్తపరీక్ష చేయించాను. వైద్యురాలు కాగితం చూసి, "షుగరు ఇంకా లోపలికి రాలేదు సార్, గడప దగ్గర నిలబడి ఉంది. మీ నాన్నగారికి ఉండేది అంటున్నారు కాబట్టి, మీరు ఇవాళ్టి నుంచే జాగ్రత్తపడాలి" అన్నారు. తిండిలో మార్పులు చెప్పారు. గుండె పరీక్ష కూడా చేయించారు. నడవమన్నారు. ఆ సాయంకాలం ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడు నా కళ్లు నా ఎడమ పాదం మీదికే పోయాయి.

మూడు నెలలు నడిచాను. చెరువు గట్టు మీద రోజూ కలిసే విశ్రాంత వ్యాయామోపాధ్యాయులు ఒకరు ఉన్నారు. అందరూ ఆయన్ని డ్రిల్లు సారు అంటారు. ఒకనాడు ఆయన, "పంతులుగారూ, నడక కుదిరింది. ఇక రెండు దీపస్తంభాల మధ్య పరుగెత్తండి. తరువాత రెండింటి మధ్య నడవండి. ఇంకేమీ వద్దు" అన్నారు. "ఈ వయసులోనా?" అన్నాను. "ఈ వయసుకు తగ్గ పరుగే చెబుతున్నాను. పందెం కాదు" అన్నారాయన.

నిజం చెప్పాలంటే కాళ్ల కంటె ముందు సిగ్గు అడ్డం వచ్చింది. నిండుకుండ తొణకదంటారు. పాఠాలు చెప్పే మనిషి, తల నెరసినవాడు, నిండుకుండలా నిదానంగా ఉండాలని ఊరు అనుకుంటుంది. అలాంటివాడు చొక్కా చెమటతో తడిసిపోగా, పొట్ట కదులుతుండగా, రోడ్డు మీద పరుగెత్తితే చూసేవాళ్లు ఏమంటారు? అన్నారు కూడా. మొదటివారంలోనే పాలు పోసే అతను సైకిలు ఆపి, "ఏమయ్యవారూ! ఎవురన్నా తరుముకోని వస్తా ఉండారా?" అని అడిగాడు. "షుగరు తరుముకోని వస్తా ఉంది నాయనా!" అన్నాను. అతను నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో సగం సిగ్గు పోయింది. మిగిలిన సగం నెల రోజుల్లో పోయింది. నిజానికి ఊరికి మన మీద ఉండే ఆసక్తి మనం అనుకున్నంత ఉండదు. వారం రోజులు వింతగా చూస్తారు. ఎనిమిదో రోజు చూడటం మానేస్తారు.

వేగం ఎంత ఉండాలో తెలుసుకోవడానికి డ్రిల్లు సారు ఒక ఉపాయం చెప్పారు. పరుగెత్తుతూ ఒక వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట తెగిపోతే వేగం తగ్గించాలి. తెలుగు చదువుకున్నవాడిని కాబట్టి నేను వాక్యానికి బదులు గుణింతం పెట్టుకున్నాను. "క కా కి కీ" అని మొదలుపెడితే తొలి రోజుల్లో "కె" దగ్గరే ఊపిరి అందేది కాదు. రెండు నెలలకు "కౌ" దాకా వచ్చాను. నాలుగో నెలలో ఒకనాడు "కః" వరకు చెప్పి, "ఖ" గుణింతంలోకి కూడా అడుగుపెట్టాను. ఒకటో తరగతిలో గుణింతం నేర్చినప్పుడు కూడా నేను అంత సంతోషించి ఉండను.

మెల్లగా మొదలుపెట్టాలని ఆయన ఎందుకన్నారో తరువాత చదివి తెలుసుకున్నాను. రోజూ సాధన చేస్తే గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే బలం పుంజుకుంటాయి. కాని ఎముకలకు, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే నరాల వంటి పట్టీలకు అంతకంటె చాలా ఎక్కువ కాలం కావాలి. ఊపిరి "ఇంకా పరుగెత్తు" అంటుంది. మడమ "ఇప్పుడే వద్దు" అంటుంది. అటువంటప్పుడు మడమ మాటే వినాలి. వారంలో మూడు రోజులే పరుగు. మధ్య రోజుల్లో నడక. విశ్రాంతి కూడా వ్యాయామంలో భాగమే. ఎందుకంటే శరీరం బలపడేది పరుగెత్తేటప్పుడు కాదు, పరుగెత్తిన తరువాత సేదదీరేటప్పుడు.

షుగరుకు, పరుగుకు ఉన్న సంబంధం కూడా ఆసక్తికరమైనదే. మనం తిన్న తిండిలోని చక్కెర రక్తంలోకి చేరుతుంది. అక్కడ నుండి కండరాల్లోకి వెళ్లడానికి ఇన్సులిన్ అనే రసం తాళంచెవిలా పనిచేస్తుంది. మధుమేహంలో ఆ తాళంచెవి సరిగ్గా తిరగదు. పనిచేస్తున్న కండరానికి ఇంకొక వాకిలి కూడా ఉంది. అది కదులుతున్నంతసేపు, ఇన్సులిన్ సహాయం అంతగా లేకపోయినా, చక్కెరను లోపలికి తీసుకొని ఖర్చుచేయగలదు. మనిషి శరీరంలో పెద్ద కండరాలు తొడల్లోను, పిరుదుల్లోను ఉన్నాయి. వాటిని కదిలించే పనులే నడక, పరుగు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. దానికి అంటుకొన్న చక్కెరను కొలిచి, గడచిన రెండు మూడు నెలల సరాసరిని వైద్యులు చెప్పగలరు. అందువల్ల పరీక్షకు ముందురోజు ఒక్కరోజు పరుగెత్తి వైద్యుణ్ణి మభ్యపెట్టడం కుదరదు. తొంభై రోజుల బతుకు అందులో కనబడుతుంది. నా కాగితంలో అంకె మొదటి ఏడాది ముగిసేసరికి గడప అవతలికి జరిగింది. ఇది పరుగు ఒక్కదాని వల్ల వచ్చిన ఫలం కాదు. తిండి, నిద్ర, వైద్యుల సలహా అన్నీ కలిసిన ఫలం. రేపు మళ్లీ పెరగవచ్చు కూడా. అందుకే రోజూ చెరువు గట్టుకు వెళ్లవలసిందే.

గట్టు మీద నాకు ఇంకొక గురువు దొరికింది. మండల పోటీల కోసం మా బడి పిల్లలు కొందరు అక్కడ సాధన చేస్తారు. వారిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె నా వెనకనే వచ్చి, కొంతసేపు చూసి, "సార్, చేతులు అట్ల పిడికిలి బిగించుకోవద్దండి. చేతిలో కోడిగుడ్డు పట్టుకున్నెట్ల పెట్టుకోండి. భుజాలు నొప్పి పుట్టవు" అంది. అదే అమ్మాయికి నేను తరగతిలో సంధులు చెబుతాను. తరగతిలో ఆమె నాకు భయపడి మాట్లాడదు. గట్టు మీద నా తప్పులు దిద్దింది. ఆమె చెప్పినట్టు చేశాను. భుజాల నొప్పి తగ్గింది. మరునాడు సంధుల పాఠంలో ఆమె తొలిసారిగా చేయెత్తి ఒక సందేహం అడిగింది.

ఆలస్యంగా మొదలుపెట్టినవారిలో నేనొక లెక్కలోని వాణ్ణి కాదు. పంజాబులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఫౌజాసింగ్ గారు భార్యను, కొడుకును పోగొట్టుకున్న దుఃఖంలో పరుగును ఆశ్రయించారు. 2000లో లండను మారథాన్ పరుగెత్తినప్పుడు ఆయన వయసు 89 ఏళ్లు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 2011లో, నూరేళ్ల వయసులో, టొరంటోలో మళ్లీ మారథాన్ ముగించారు. జనన ధ్రువపత్రం లేనందువల్ల గిన్నిస్ పుస్తకంవారు దాన్ని నమోదు చేయలేదు. కాని ఆయన పాదాలు నడిచిన దారిని ఎవరూ కాదనలేదు. 2025లో సొంత ఊరిలో రోడ్డు దాటుతుండగా వాహనం ఢీకొని మరణించారు. అప్పుడు ఆయన వయసు 114 ఏళ్లు. చండీగఢ్‌కు చెందిన మన్ కౌర్ గారు 93వ ఏట పరుగు మొదలుపెట్టారు. 2017లో న్యూజిలాండులోని ఆక్లండులో జరిగిన పెద్దల క్రీడల్లో, 101 ఏళ్ల వయసులో, నూరు మీటర్ల పరుగును 74 సెకన్లలో ముగించారు. ఆ వయసువారి విభాగంలో ఆమె ఒక్కరే పోటీదారు. అయినా బంగారు పతకం అందుకొని నవ్వారు. పోటీలో ఇతరులు లేకపోతే ఏం? ఆమె పరుగెత్తింది కదా!

మూడో ఏట నేను కూడా బెంగళూరులో ఒక పది కిలోమీటర్ల పరుగులో పాల్గొన్నాను. గెలిచినవారు అరగంటలోపే ముగించారు. నాకు గంటా ఇరవై నాలుగు నిమిషాలు పట్టింది. నా చుట్టూ కన్నడం, తమిళం, హిందీ, తెలుగు అన్నీ వినబడుతున్నాయి. ఎనిమిదో కిలోమీటరు దగ్గర కాళ్లు బరువెక్కినప్పుడు పక్కన వస్తున్న పెద్దావిడ ఒకరు కన్నడంలో "స్వల్పనే ఇదె, బన్ని" అన్నారు. కొంచెమే ఉంది, రండి అని అర్థం. పేరు తెలియదు, ఊరు తెలియదు. చివరి రెండు కిలోమీటర్లు ఆమెతో కలిసి పరుగెత్తాను. పరుగులో పక్కవాడు పోటీదారు కానవసరం లేదని అప్పుడు బాగా అర్థమైంది.

పిల్లలూ, మీరు ఇప్పుడు పరుగెత్తే వయసులో ఉన్నారు. మీ ఈడువారికి రోజుకు సగటున ఒక గంట ఆటపాటలు, వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక గాని, 75 నిమిషాల పరుగు వంటి శ్రమ గాని కావాలంది. పదో తరగతి వచ్చిందని, చీర కట్టే వయసు వచ్చిందని, ఉద్యోగం వచ్చిందని ఒక్కొక్కరు ఒక్కొక్క మలుపులో ఆగిపోతారు. ఆ మలుపు వచ్చినప్పుడు మీరు గుర్తుపట్టండి. ఇళ్లలో మాట్లాడుకుంటేనే నిలిచే మన భాష లాంటిదే శరీరం కూడా. వాడుతున్నంతకాలం మనది.

ఈ పాఠం చదివాక ఇంటికి వెళ్లి మీ అమ్మనో, నాన్ననో, తాతనో, అవ్వనో ఒక ప్రశ్న అడగండి: "నువ్వు చివరిసారి ఎప్పుడు పరుగెత్తావు?" వారు కాసేపు ఆలోచిస్తారు. బహుశా నవ్వుతారు. వారికి వైద్యుల అభ్యంతరం ఏమీ లేకపోతే, రేపు తెల్లవారుజామున చెయ్యి పట్టుకొని బయటికి తీసుకువెళ్లండి. మొదటి రోజు నడక చాలు. రెండు దీపస్తంభాల సంగతి తరువాత చూసుకోవచ్చు.