పేరు లేని దరఖాస్తు

పొయ్యి ఆరాక కూడా బూడిద మీద చెయ్యి పెడితే సెగ తగులుతుంది. కంటికి కనబడని ఆ సెగ పరారుణ కాంతే. నక్షత్రాలు కాలేకపోయిన బ్రౌన్ డ్వార్ఫ్‌లను చూడాలంటే ఆ కాంతే ఆధారం. జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు 6.5 మీటర్ల అద్దం ఉంది. అందులోని నిర్‌స్పెక్ పరికరం ఆ కాంతిని విడదీసి, నీటి ఆవిరి, మీథేన్ జాడలు చూపిస్తుంది.

మేమిద్దరం ఏజెన్సీ ఊళ్ల వాళ్లం. మా సార్‌తో కలిసి దాని సమయం అడిగాం. ఏ దేశం వారైనా అడగవచ్చు. దరఖాస్తులో పేరు, ఊరు, చదివిన చోటు తెలియకూడదు. ‘మేము ఇంతకుముందు చేసిన పని’ అని కూడా రాయకూడదు. అంతవరకు మేము నింపిన ప్రతి కాగితంలో తెగ పేరు ముందుండేది. ‘కోటాలో వచ్చారా?’ అన్న మాట వెనకే వచ్చేది. ఇక్కడ మా ప్రశ్న ఒక్కటే నిలబడింది.

హబుల్ టెలిస్కోపుకు 2018లో ఈ పద్ధతి పెట్టగానే, మహిళలు నడిపిన దరఖాస్తులు మగవారివాటి కంటే కాస్త ఎక్కువ శాతం నెగ్గాయి.

ఎన్ని సెకన్లు చూడాలో లెక్క కట్టడానికే మాకు నెల పట్టింది. వెబ్ నాలుగో విడతలో ఉన్న ప్రతి గంటకూ దాదాపు తొమ్మిది గంటలు అడిగారు. మాకు రాలేదు. ‘ఒక్క గోళం చాలదు, పోల్చడానికి మరొకటి కావాలి’ అని జవాబు వచ్చింది. లోపం ప్రశ్నలో చూపారు, మాలో కాదు. ఈసారి రెండు గోళాలు అడుగుతున్నాం.

పేరు దాచితే సగం దారే. ఇంగ్లీషు, కంప్యూటరు, పక్కన కూర్చునే సారు మిగతా సగం. ఆ సగం మన బడుల్లోనే మొదలవ్వాలి.