సయాం దేశంలో మన విస్తరి

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్నారు పెద్దలు. ఇంటి పట్టున ఉన్నంతకాలం ఈ మాటలోని లోతు మనకు బోధపడదు. గడప దాటి, భాష తెలియని నేలమీద ఆకలితో నిలబడినప్పుడే అది తెలిసివస్తుంది. దేశాటనకు బయలుదేరినవానికి చూడవలసిన స్థలాలను గురించి చెప్పేవారు పదిమంది దొరుకుతారు గాని, అక్కడ ఏది తినవచ్చునో, ఏది తినరాదో విప్పిచెప్పేవారు అరుదు.

ఈ విషయంలో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలవారమైన మనకు కొంత విశేషానుభవం ఉన్నదనడం అతిశయోక్తి కాదు. మనది ప్రతిదినం వేలాది బాటసారులకు అన్నం పెట్టే సీమ. తిరుమల కొండమీద మద్యమాంసాలకు తావులేదు. అక్కడ 1985లో నిత్యాన్నదాన పథకం ఆరంభమైంది. 2011లో తెరిచిన అన్నప్రసాద భవనానికి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. ఆ పంక్తిలో కూర్చున్న యాత్రికుడు "ఇందులో ఏముంది?" అని అడగనవసరం లేదు. ఆ జవాబు స్థలమే చెబుతుంది. కొండ దిగి చిత్తూరు దారి పట్టితే రాగిసంగటి, నాటుకోడి పులుసు, బిరియాని ఎదురవుతాయి. అక్కడ ప్రశ్నలు పుడతాయి. శాకాహారి "గిన్నెలు వేరేనా?" అంటాడు, ముస్లిము "హలాలేనా?" అంటాడు. ప్రశ్నలు రెండైనా వాటి మూలం ఒక్కటే. అది వండేవాని మాట మీద తినేవాడు ఉంచవలసిన నమ్మకం.

కొన్ని సంవత్సరాల క్రిందట వేసవి సెలవులలో నేనూ, నా సహాధ్యాపకులొకరూ కలిసి బాంకాకు నగరానికి వెళ్ళాం. వారిది ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టని ఇల్లు. నాది హలాలు కానిది ముట్టని ఇల్లు. మా ప్రయాణం సంగతి విన్న బంధువులు "మీరిద్దరూ పస్తులుండి తిరిగి రావలసిందే" అని జోస్యం చెప్పారు. వారి భయం నిరాధారమైనది కాదు. థాయి వంటశాలకు ప్రాణం 'నామ్ ప్లా'. అనగా చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరవేసి వడగట్టిన రసం. మనం ఉప్పు వేసే చోటనెల్ల వారు దానిని వేస్తారు. కూరగాయల వేపుడు అని పేరున్నా అందులో ఆ రసం ఉండవచ్చు. పచ్చి బొప్పాయి తురుముతో చేసే 'సోమ్ తమ్'లో ఎండు రొయ్యలు పడతాయి. పందిమాంసం వాడకమూ విస్తారమే. కంటికి కనిపించేది ఒకటి, పళ్ళెంలో ఉన్నది మరొకటి అయ్యే ప్రమాదం అడుగడుగునా ఉంది.

అయితే ఆ దేశమే ఈ చిక్కుకు పరిష్కారం కూడా చూపింది. పసుపుపచ్చ జెండామీద ఎర్రని అక్షరాలతో 'జే' అని రాసి ఉన్న దుకాణాలు అక్కడక్కడ కనిపిస్తాయి. చీనా సంప్రదాయం నుండి వచ్చిన ఆ నియమం ప్రకారం మాంసం, చేపలు, గుడ్లే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధాలే. పాలు, పెరుగు సైతం పనికిరావు. అటువంటి ఒక అంగడిలో మొదటి ముద్ద నోట పెట్టుకొని నా మిత్రులు "అచ్చం మా అమ్మ వంటే సార్, పెరుగన్నమే కరవు" అన్నారు. నాకు దారి చూపింది అరబీ లిపిలో హలాల్ అని ఉన్న ముద్ర. అది లేని చోట వారికోసం నేనూ, నాకోసం వారూ అడిగేవాళ్ళం. 'మై సాయ్ నామ్ ప్లా', అనగా 'చేప రసం వేయవద్దు' అనే ఆ నాలుగు మాటలు ముందుగా నేర్చుకున్నది వాటిని ఎన్నడూ వాడనవసరంలేని నేనే!

ఈ వెదుకులాటలోనే నాకొక చరిత్ర ఎదురయింది. 'మస్సమన్' అనే ఒక కూర అక్కడ ప్రసిద్ధం. ఆ పేరు 'ముసల్మాన్' శబ్దం నుండి వచ్చిందని సామాన్యంగా చెబుతారు. కొబ్బరిపాలలో ఏలకులు, దాల్చినచెక్క, లవంగాలు, జీలకర్ర, చింతపండు, వేరుశనగ గింజలు కలిసి ఉడికిన ఆ కూర వాసన వేస్తే పరాయి దేశంలో ఉన్నామని అనిపించదు. 17వ శతాబ్దంలో మన మచిలీపట్నం నుండి ఓడలు బంగాళాఖాతం దాటి, అప్పట్లో సయాం రాజుల ఏలుబడిలో ఉన్న మెర్గుయి రేవు చేరేవి. అక్కడినుండి వర్తకులు నేలదారిన రాజధాని అయుత్థయకు వెళ్ళేవారు. నారాయ్ మహారాజు కాలంలో (1656–1688) ఆ కొలువులో పారసీక ముస్లిములకు పలుకుబడి ఉండేది. 1685లో ఇరాను నుండి బయలుదేరిన రాయబారుల యాత్రావృత్తాంతం 'సఫీనయె సులైమానీ' పారసీ భాషలో నేటికీ నిలిచి ఉంది. సుగంధద్రవ్యాలు, మనుషులు, మాటలు అన్నీ ఒకే సముద్రంమీద నడిచాయి. 'ఖావ్ మొక్ కాయ్' అనే పసుపువన్నె కోడి అన్నం మన బిరియానికి చుట్టమే. 'మొక్' అంటే కప్పిపెట్టడమట. రోటీ అయితే పేరు కూడా మార్చుకోలేదు. మస్సమన్ కూరముద్దలో రొయ్యలు కలిసి ఉంటాయి గనుక నా మిత్రులు చరిత్రతోనే తృప్తిపడ్డారు!

ఇంకొక చుట్టరికమూ ఉంది. మిరపకాయ వారిదీ కాదు, మనదీ కాదు. 1510లో గోవాను, 1511లో మలక్కాను పట్టుకున్న పోర్చుగీసువారి ఓడల రాకపోకల వల్లనే అది అమెరికా ఖండం నుండి ఈ తీరాలకు చేరింది. రాయలసీమ మెట్టపొలాలను ఆదుకున్న వేరుశనగ కూడా పుట్టుకచేత ఆ ఖండానిదే. ఈశాన్య థాయి పల్లెలలో జిగట బియ్యపు అన్నాన్ని చేతితో ఉండచేసి కారపు పచ్చడిలో అద్దుకొని తినేవారిని చూస్తే, సంగటిముద్దను పులుసులో అద్దే మన రైతు గుర్తుకొస్తాడు. అదే అన్నానికి కొబ్బరిపాలు, మామిడిపండు ముక్కలు జోడిస్తే వారికి వేసవి విందు. మామిడి మన చిత్తూరు సీమకు జీవనాధారమన్న సంగతి వేరుగా చెప్పాలా?

కనుక విద్యార్థి మిత్రులకు నా మనవి ఇది. విదేశానికి వెళ్ళినప్పుడు మీ నియమాన్ని దాచుకోకండి, దానికి సిగ్గుపడకండి. ఆ దేశపు భాషలో దానిని చెప్పే రెండు ముక్కలు ముందే నేర్చుకోండి. మీ నియమం మీకు అడ్డుగోడ కాదు. సామాన్య యాత్రికుడు చూడని వీధులలోనికి తీసుకువెళ్ళే తాళంచెవి. అడగడం అతిథి హక్కు. నిజం చెప్పడం ఆతిథ్యమిచ్చేవాని ధర్మం.

ఈ రెండవ మాట మరీ ముఖ్యంగా మనకు వర్తిస్తుంది. మన విద్యార్థులలో హోటళ్ళు, టిఫిను అంగళ్ళు నడిపే కుటుంబాలవారు కొందరున్నారు. సెలవులలో అక్కడ పనిచేసేవారూ ఉన్నారు. రేపు మన బస్టాండులో దిగిన ఏ పరదేశియో, ఏ పొరుగు రాష్ట్రపు ముసలమ్మో ఒక పళ్ళెం చూపి "ఇందులో ఏముంది నాయనా?" అని అడిగితే, బేరం పోతుందని సందేహించకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తమకు తగినది మీ దగ్గర లేకపోతే, దొరికే అంగడికి దారి చూపండి. ఆ ఒక్క జవాబుతో వారు తినేది ఒక పూట భోజనమే కావచ్చు. తమ ఊరికి మోసుకుపోయేది మాత్రం మన సీమ మంచిపేరు.