డ్రమ్మా? డిస్కా?

కాలేజీ రోజుల్లో ఓసారి తిరుమల నుంచి చేతక్ మీద దిగుతున్నా, వెనక నాయన. ఘాట్‌రోడ్డు సగంలో బ్రేకు వేడెక్కి మెత్తబడిపోయింది. ఎంత తొక్కినా బండి ఆగదే! "గేరు దించరా!" అని నాయన అరవబట్టి ఇవాళ ఈ టపా రాస్తున్నా.

ఇప్పుడెందుకంటారా? 1960ల్లో అమెరికాలో ఊపందుకున్న ఫార్ములా వీ అనే ఔత్సాహిక కార్ల పందెం గురించి చదువుతున్నా. ఖర్చు తగ్గాలని పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ సామాన్లే వాడారు, బ్రేకులతో సహా. అంటే డ్రమ్ములే.

ఇలాంటి పందేల్లో డిస్కులు కావాలన్నవాళ్ళని పెట్టుకోనివ్వచ్చా? ఒకడు పెడితే మిగతావాళ్ళూ కొనక తప్పదని భయం. అది నిజమే. కానీ టైరుకి పట్టు ఉన్నంతవరకే ఏ బ్రేకైనా ఆపేది. డిస్కు గాలికి త్వరగా చల్లబడుతుంది కాబట్టి చివరి ల్యాపులోనూ పట్టు తగ్గదు, అంతే తేడా.

డిస్కు పెట్టినవాడి కారుకి నాలుగు కిలోలు బరువు కలపండి, లెక్క సరిపోతుంది. అంతేగానీ వద్దనకండి. సరదాకి పందెం ఆడేవాడు సోమవారం మళ్ళీ ఆఫీసుకెళ్ళాలి కదా! పైగా వాడికి వెనక సీట్లో మా నాయన ఉండడు.

మీరేమంటారు?