మనామాలో శుక్రవారం

మన వైపు శుక్రవారం ఇల్లాలి వారం. తలంటుకుని, గడపకు పసుపు రాసి, లక్ష్మీదేవి ముందు దీపం పెట్టేది ఆ రోజే. బహ్రెయిన్‌లో అది సెలవు రోజు. ఒకప్పుడు ఇక్కడ వారాంతం గురు, శుక్రవారాలు. 2006లో దాన్ని శుక్ర, శనివారాలకు మార్చారు. అటు జరిపినా ఇటు జరిపినా శుక్రవారాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఈ దేశంలో మన తెలుగువాళ్ల బతుకు ఎలా మారుతోందో చూడాలనిపిస్తే నేను ఆ సాయంత్రం మనామా సూక్‌కి, అంటే పాత బజారుకి, వెళ్తాను.

బాబ్ అల్ బహ్రెయిన్ కమాను దాటితే బట్టల కొట్లు, బంగారం కొట్లు, మసాలా దినుసుల వాసన. లోపలి సందుల్లో సింధీ వ్యాపారులు కట్టుకున్న శ్రీనాథ్‌జీ గుడి, సుమారు రెండు వందల ఏళ్ల నాటిది. ఈ నేల కింద 1932లో చమురు బయటపడటానికి ఎంతో ముందే మన దేశంవాళ్లు ఇక్కడ వ్యాపారం చేశారు. 1965లో దినారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే. అప్పుడు పది రూపాయలకు ఒక దినారు. ఇవాళ రెండు వందలు దాటింది. ఎండిపోయిన బోరుకో, ఆడపిల్ల పెళ్లికో చేసిన అప్పు తలమీద ఉన్నవాడికి ఆ తేడా ఎంత పెద్దదో విడమరిచి చెప్పక్కర్లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి మగవాళ్లు, కోనసీమ, రాయచోటి వైపు నుంచి ఆడవాళ్లు విమానం ఎక్కేది అందుకే.

సూక్‌లో ఒక్కో ఊరివాళ్లు ఒక్కో మూల చేరతారు. "ఏం బావా, ఇంటికి పైసలు పంపినవా?" "పొద్దుగాలనే పంపిన తమ్మీ." పలకరింపుల్లో ముందు ఇదే వినిపిస్తుంది. వెనకటి తరం డబ్బు పంపాలంటే డ్రాఫ్టు తీసి, అది చేరిందని ఉత్తరం వచ్చేదాకా ఎదురుచూసేది. ఊరెళ్లేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవారు. అందులో తండ్రి గొంతు ఉండేది, అటునుంచి వచ్చే క్యాసెట్‌లో పిల్లల ఏడుపులు, ముసలమ్మ దగ్గు ఉండేవి. ఇప్పుడు వీధి చివరి కోల్డ్ స్టోర్ అనే చిన్న కిరాణా కొట్లో పెరుగు డబ్బా కొన్నా బెనిఫిట్ పే యాప్‌తో ఫోన్ చూపించి వచ్చేస్తున్నారు. ఊళ్లో ఇంటికి పునాది తవ్వినప్పుడు, స్లాబు పోసినప్పుడు, పాపకు పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు తండ్రి ఇక్కడినుంచే తెర మీద చూస్తున్నాడు, కోప్పడుతున్నాడు, ముద్దు చేస్తున్నాడు. ఉగాదికి తెలుగు సంఘం పిలుపు, బతుకమ్మకు హాలు, హాల్లో పూలు. ఇదంతా చిన్న విషయమని నేననుకోను. బిడ్డ ముఖం మరిచిపోకుండా బతకగలగడం పెద్ద మార్పే.

చట్టాలు కూడా కదిలాయి. ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన 2007లో వచ్చింది. యజమాని ఒప్పుకోకపోయినా కొన్ని షరతులతో పని మారే వీలు 2009లో కల్పించారు. ఇవి అన్నిచోట్లా సరిగ్గా అమలవుతున్నాయని చెప్పను కానీ, ఫలానా హక్కు నాకుంది అని కూలివాడు నోరు తెరిచి అడగడానికి ఒక ఆధారం దొరికింది.

అయితే ఆ సాయంత్రం సూక్‌లో నిలబడి చుట్టూ చూడండి. తెలుగు మాటలు వినిపించే గుంపుల్లో ఉన్నదంతా మగవాళ్లే. రిఫా, హమద్ టౌన్, ముహర్రఖ్ ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు ఏరి?

వాళ్లు వంటింట్లో ఉన్నారు. బహ్రెయినీ కుటుంబాల్లో శుక్రవారం మధ్యాహ్నం కొడుకులు, కూతుళ్లు, మనవలు అంతా పెద్దవాళ్ల ఇంట్లో చేరి కలిసి భోంచేస్తారు. చూడముచ్చటైన ఆచారం. కానీ ఆ ఇంటి పనిమనిషికి వారంలో అన్నిటికంటే బరువైన రోజు అదే. పెద్ద గిన్నెల్లో మచ్‌బూస్ అన్నం వండాలి, అంతమందికి వడ్డించాలి, పిల్లలు చిందరవందర చేసిన గదులు సర్దాలి, రాత్రి దాకా గిన్నెలు తోమాలి. అమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకావిడను నేనెరుగుదును. వాళ్ల మేడమ్ మంచిదే. జీతం ఆపదు, జ్వరమొస్తే మందులు కొనిస్తుంది. అయినా ఆవిడ, "నాకంటూ ఒక రోజు లేదు తమ్ముడూ" అంటుంది. కొట్టడం, తిట్టడం, జీతం ఎగ్గొట్టడం లాంటివి జరిగితే పత్రికల్లో వస్తాయి. అవేమీ లేని ఇంట్లో కూడా మిగిలిపోయే ఈ కష్టం ఎవరికీ వార్త కాదు. నన్ను బాధించేది అదే.

బహ్రెయిన్ 2012 నాటి కార్మిక చట్టం (36వ నంబరు) ఇంటిపనివాళ్లకు రాతపూర్వక ఒప్పందం, ఏటా సెలవులు, పని మానేటప్పుడు ఇవ్వాల్సిన సొమ్ము లాంటివి కొన్ని ఇచ్చింది. వారపు సెలవు మాత్రం ఇవ్వలేదు. కువైట్ 2015లో చేసిన చట్టంలో ఇంటిపనివాళ్లకు వారానికి ఒక సెలవు రాసింది. పొరుగు దేశం రాయగలిగినది ఇక్కడ రాయడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. మగవాడి తలమీద ఎండను పట్టించుకున్న రాజ్యం, ఆడమనిషి ముందున్న పొయ్యి సెగనూ పట్టించుకోవాలి.

చట్టం వచ్చేదాకా ఊళ్లో ఉన్నవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. మీ అక్కనో వదిననో ఇంటిపనికి గల్ఫ్ పంపుతుంటే, దళారి మాట నమ్మి విజిట్ వీసా మీద ఎక్కించకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి, అక్కడ అడగండి. ముప్పై ఏళ్లు నిండనివాళ్లను అసలు పంపకండి, నిబంధన కూడా అదే. ఒప్పందం కాగితంలో జీతం అంకె ఒక్కటే చూసి వేలిముద్ర వేయించకండి. వారానికి ఒక రోజు సెలవు అని అందులో రాయించండి. అది శుక్రవారమే కానక్కర్లేదు, ఏ వారమైనా సరే.