ఆఖరి కంచం

మా ఇంట్లో అందరికన్నా ఆఖరున కడిగే కంచం నాది. ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతాను. చపాతీ అయితే పప్పులో నానబెట్టుకుని తింటాను. చిన్నప్పటి నుంచీ ఇంతే, అందుకే ఇది జబ్బని ఎప్పుడూ అనుకోలేదు. ముద్ద పట్టేసినప్పుడు అమ్మ నెత్తి మీద తట్టి, "ఎవరో తలుసుకుంటున్నరు బిడ్డా" అనేది. తర్వాత రెండేళ్లు "గ్యాస్" అని మాత్రలు మింగాను.

పోయిన ఎండాకాలం మన్సూరాబాద్‌లో చుట్టాల పెళ్లిలో మటన్ ముక్క దిగలేదు. ఊపిరి ఆడుతోంది, మాట వస్తోంది, కానీ ఉమ్ము కూడా మింగలేకపోతున్నా. తాగిన నీళ్లు వెనక్కి వచ్చేశాయి. ఆ రాత్రే ఎండోస్కోపీ చేసి ముక్క తీశారు. అన్నవాహిక గోడ నుంచి బయాప్సీకి కూడా తీసి పంపారు.

రిపోర్టులో ఉన్న పేరు చదవడానికే రెండుసార్లు ఆగాను: ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. ఇసినోఫిల్స్ అంటే అలర్జీ ఉన్నప్పుడు పెరిగే తెల్ల రక్తకణాలు. మామూలుగా అన్నవాహికలో ఇవి ఉండవు. మైక్రోస్కోప్‌లో పెద్దది చేసి చూసినప్పుడు ఒక్క ఫీల్డ్‌లోనే 15 లేదా అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఈ జబ్బును అనుమానిస్తారు. ఏళ్ల తరబడి వాపు ఉంటే గొట్టం గట్టిపడి సన్నబడుతుంది. డాక్టర్లు దీన్ని విడి జబ్బుగా గుర్తించిందే 1990లలో. కొందరికి ఎండోస్కోపీలో అంతా మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి బయాప్సీ లేకుండా తేలదు.

ఎండోస్కోపీకి మన హైదరాబాద్ పేరున్న ఊరు. ఆ రంగంలో పనిచేసిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మ విభూషణ్ వచ్చింది. అదే ఊళ్లో ఉంటూ మేం ఈ పేరే వినలేదు.

వైద్యానికి మూడు దార్లు చెప్పారు: యాసిడ్ తగ్గించే మందు, మింగే స్టెరాయిడ్, లేదా పడని తిండి మానేయడం. పాలు, గోధుమ, గుడ్డు, సోయా, గింజలు, చేపలు ఎక్కువగా అనుమానితులు. కోడ్‌లో బగ్ కోసం ఒక్కో లైనూ కామెంట్ చేసినట్టే. కానీ ఇక్కడ రన్ చేసి చూడటమంటే మళ్లీ ఎండోస్కోపీ. నేను పాలతో మొదలుపెట్టాను. పెరుగు లేకుండా లేచిపోతుంటే అమ్మకి నేను అసలు తిననట్టే ఉంటుంది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని డాక్టర్ అడిగినప్పుడు అమ్మ మాట్లాడలేదు. మా తమ్ముడికి ఏడేళ్లు. ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటాడు, కడుపునొప్పి అంటాడు, కక్కుకుంటాడు. పెద్దవాళ్లలో ముద్ద అడ్డుపడితే, పిల్లల్లో ఇలా కనిపిస్తుందట. "నాటకాలు చేస్తున్నవా" అని వాణ్ణి ఎన్నిసార్లు తిట్టామో. నేను కూడా తిట్టాను.

వాడికీ బయాప్సీ చేశారు. అదే జబ్బు.

క్యాంటీన్‌లో ఎవరైనా ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతుంటే నవ్వకండి. ఒకసారి డాక్టర్‌కి చూపించుకోమనండి.

ఇప్పుడు మా ఇంట్లో ఆఖరి కంచాలు రెండు. మేమిద్దరం తినేదాకా అమ్మ పక్కనే కూర్చుంటుంది. "తొందరగ కానియ్" అనడం మానేసింది.