చేవగల నేల

నీళ్ళు పోసి కడిగితే తప్ప ఇల్లు శుభ్రపడినట్లు నా భార్య ఏనాడూ ఒప్పుకోలేదు. నంద్యాలలో మా ఇంటి నేల బేతంచెర్ల నాపరాళ్ళది. శుక్రవారం ఉదయం ఆమె నాలుగు బిందెల నీళ్ళు పారబోసి, ఈనెల చీపురుతో తూము దాకా తోసి, తడి ఆరకముందే గడపకు పసుపు పూసేది. తెలుగు పండితుడిగా బడిపిల్లలకు గురులఘువులు నేర్పిన నేను ఆ సమయంలో చెప్పులు చేతబట్టుకొని వాకిట నిలబడడం తప్ప వేరే సాయం చేసిన జ్ఞాపకం లేదు. 2021 మాఘమాసంలో ఆమె కాలం చేసింది. ఆ బిందెలు నా చేతికి వచ్చాయి.

2023 జనవరిలో అమ్మాయి నన్ను న్యూజెర్సీకి పిలిపించుకొన్నది. ఆ ఇల్లు 1950ల నాటిది. నేలంతా ఎర్ర ఓక్ పలకలే. ఒక్కొక్కటి రెండుంపావు అంగుళాల వెడల్పు, ముప్పాతిక అంగుళం మందం. ఒక పలక అంచున గాడి ఉంటుంది, పక్కదాని అంచున నాలుక ఉంటుంది. నాలుక గాడిలో దూరి రెండూ కలుస్తాయి. పండితుణ్ణి గనుక నాకు సంధిప్రకరణమే గుర్తుకు వచ్చింది. వ్యాకరణంలో సంధి జరిగితే రెండక్షరాల నడుమ సందు ఉండదు. ఇక్కడ సంధి జరిగినా సందు మిగులుతుంది. శీతకాలంలో ఇంటిని వెచ్చబెట్టే యంత్రం గాలిలోని చెమ్మను హరిస్తుంది, కొయ్య ముడుచుకొంటుంది, సందులు విచ్చుకొంటాయి. నేను వెళ్ళిన నాటికి అవి రూపాయి బిళ్ళ అంచు దూరేటంత ఉన్నాయి. అదేదో ఇల్లు పాతబడిన లక్షణం అనుకొన్నాను.

ఆమె తిథి వచ్చింది. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళారు, మనవరాలు బడికి వెళ్ళింది. సాయంత్రం వాళ్ళు వచ్చి అమ్మ పటానికి దండ వేసేసరికి ఇల్లు మడిగా ఉండాలనిపించింది. ఆమెకు ఇష్టమైన పద్ధతిలో ఉండాలనిపించింది. స్నానాలగదిలోని బకెట్టుతో రెండుమార్లు నీళ్ళు తెచ్చి వంటగది ముందూ హాలులోనూ పోసి తోశాను. తూము లేని నేలమీద నీళ్ళు పోయరాదన్న ఇంగితం నాకు కలగలేదు. పైగా నీళ్ళు క్షణంలో కనబడకుండా పోతే, ఎంత త్వరగా ఆరిందో అని సంతోషించాను కూడా!

అవి ఆరలేదు, దిగాయి. రాత్రి అల్లుడు నేలమాళిగలోకి వెళ్ళి, పైకప్పునుండి బొట్లు పడుతున్నాయని చెప్పాడు. నాలుగవ నాటికి పలకలన్నీ అంచులు పైకి లేచి, నడుమ గుంటపడి, విస్తరాకు దొప్పల్లా అయినాయి. అరికాలికి ఒక్కొక్క అంచూ తగిలేది. అమ్మాయి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండును. ఆ వారమంతా నేను గదిలో పుస్తకం పట్టుకొని కూర్చున్నాను; ఒక పుట తిరగలేదు.

చెక్కనేలల పనివాడు ఒక వృద్ధుడు వచ్చాడు. మోకాళ్ళమీద వంగి, రెండు సూదులున్న చిన్న మీటరును పలకల్లో గుచ్చి చెమ్మ చూశాడు. నీరు అడుగున నిలిచింది, పైభాగం ఆరింది. అడుగు ఉబ్బి పైభాగం ఉబ్బకపోతే అంచులు లేవక ఏం చేస్తాయి? వెంటనే చిత్రిక పట్టించేద్దామని అల్లుడు తొందరపడ్డాడు. ఆయన వద్దన్నాడు. లేచిన అంచులను ఇప్పుడు అరగదీస్తే, రేపు అడుగు ఆరి పలక చదునైనప్పుడు అంచులు పల్లమై, నడుమ తాబేటి వీపులా ఉబ్బెత్తుగా మిగులుతుందట. మాళిగలో చెమ్మ పీల్చే యంత్రం, పంకాలు పెట్టి ఓపిక పట్టమన్నాడు. ఉగాది వెళ్ళింది, శ్రీరామనవమి వెళ్ళింది. మే నెలకు నేల చాలావరకు తనంత తానే సర్దుకొన్నది. కలపకు చేవ అంటే ఏమిటో అప్పుడు నాకు అర్థమైంది.

వంటగది ద్వారం దగ్గర మూడు పలకలు మాత్రం నల్లబడిపోయినాయి. ఓక్ కొయ్యలో వగరు పదార్థం ఉంటుంది; తడిలో అది మేకుల ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. మన పెద్దలు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచుకొన్నది ఈ గుణంతోనే. తెలుగు పండితుడు అమెరికాలో నేలమీద సిరా కాచాడన్నమాట.

ఆపైన ఆ నేల సంరక్షణ నేనే అడిగి తీసుకొన్నాను. కొయ్యకు నీటి తరువాతి శత్రువు ఇసుకరేణువు. కాలికింద అది గరుకుకాగితంలా పైపూతను గీస్తుంది. కనుక రోజూ మెత్తని చీపురుతో ఊడ్చేవాణ్ణి. వాక్యూమ్ వాడిన నాడు తిరిగే బ్రష్షును ఆపేసేవాణ్ణి. కుర్చీకాళ్ళకు ఉన్నిబిళ్ళలు అంటించాను. చెప్పులు వాకిటే విడవడం మనకు ఎటూ అలవాటే. వారానికొకసారి మైక్రోఫైబర్ గుడ్డను చుక్క రాలనంతగా పిండి, కొయ్య గీతల వెంట తుడిచేవాణ్ణి. వెనుకనే తడి మాయమయితే ఆ గుడ్డ సరిగా పిండినట్లు. పొరుగు తెలుగావిడ నీళ్ళలో వెనిగర్ కలపమన్నది. ఆ పులుపు పాలియురెథేన్ పూత మెరుపును కాలక్రమాన తినేస్తుందని పనివాడు ముందే చెప్పాడు కాబట్టి చిరునవ్వుతో తప్పించుకొన్నాను. ఆవిరి మాప్ అసలే కూడదు. మైనం, నూనెసబ్బు రాస్తే అప్పటికి నిగనిగలాడుతుంది గాని తరువాత వేసే కొత్త పూత అంటుకోదు. పూత అరిగిందేమో తెలియాలంటే ఒక నీటిబొట్టు వేసి చూడాలి. ముత్యంలా నిలిస్తే సరే, ఇంకి కొయ్య నల్లబడితే అక్కడ పూత పోయిందని అర్థం. కొయ్య బయటపడకముందే పైపైన గరుకుచేసి కొత్త పూత వేయించుకోవడం మేలు. మొత్తం చిత్రిక పడితే ప్రతిసారీ కొంత కొయ్య పోతుంది కదా! ఇంట్లో గాలి చెమ్మ 35 నుంచి 55 శాతం మధ్య ఉండేటట్లు చూడడం అన్నిటికంటె ముఖ్యం. దానికి గోడ గడియారమంత మీటరు ఒకటి ఉన్నది. నేను ఉదయం పంచాంగం చూసి, ఆ తరువాత దాన్ని చూసేవాణ్ణి.

జూలైలో తిరుగు ప్రయాణానికి ముందు, ఆ మూడు పలకలను నా ఖర్చుతో మార్పించమన్నాను. అమ్మాయి కొంచెంసేపు వాటివంక చూసి, "ఉండనీ నాన్నా, అమ్మ తిథికి నువ్వు కడిగినవి కదా" అన్నది. మరి ఆ వారమంతా ఎందుకు మాట్లాడలేదో నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఇక్కడ నంద్యాలలో శుక్రవారం నాలుగు బిందెలు యథావిధిగా పారబోస్తున్నాను. చలికాలంలో అమ్మాయి ఫోను చేస్తే మాత్రం క్షేమసమాచారం కన్న ముందు మీటరు ఎంత చూపుతున్నదో అడుగుతాను. మొన్న నలభై అన్నది.